జేజులో దేవతలందరూ అవ్వలే

కొరియా వాళ్లు జేజు దీవికి ఏప్రిల్‌లో వెళ్తారు. పసుపు పూల తోటలు, ఎండ, ఫొటోలు. మార్చి మధ్యలో వెళ్తున్నామంటే సోల్ దగ్గర సువన్‌లో ఉండే మా చెల్లి ఆఫీసువాళ్లు "గాలికి చచ్చిపోతారు" అన్నారట. మాకు కావలసింది ఆ గాలే. చాంద్రమానం లెక్కలో రెండో నెల మొదటి రోజున యొంగ్‌దుంగ్ హల్‌మాంగ్ అనే గాలి దేవత జేజుకి వస్తుంది. పదిహేనో రోజున వెళ్లిపోతుంది. వెళ్లేముందు ఊళ్లో పెద్ద పూజ చేసి సాగనంపుతారు. ఆ పూజ చూడాలని తేదీలు పెట్టుకున్నాం. మిగిలిన రోజులు దాని చుట్టూ సర్దుకున్నాం. చెల్లికి కొరియన్ బాగా వచ్చు కాబట్టి ధైర్యం. అయితే జేజు ముసలివాళ్లు మాట్లాడే భాష సోల్ వాళ్లకే సగం అర్థం కాదని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

మొదటి రోజు

సోల్‌లోని గింపో నుంచి జేజుకి విమానంలో గంటా పది నిమిషాలు. ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే విమాన మార్గాల్లో ఇదొకటి. పది పదిహేను నిమిషాలకొక విమానం మన సిటీ బస్సుల్లా తిరుగుతూ ఉంటుంది. దిగగానే కనిపించేవి నల్లరాళ్లు. పొలం గట్లు, ఇళ్ల ప్రహరీలు, సమాధుల చుట్టూ కట్టిన గోడలు అన్నీ నల్లటి లావా రాళ్లే. సున్నం, సిమెంటు లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. రాళ్ల మధ్య సందులు వదిలేస్తారు. వాటిలోంచి గాలి పోతుంది కాబట్టే గోడ నిలబడుతుందట. జేజులో మూడు ఎక్కువని సామెత: రాళ్లు, గాలి, ఆడవాళ్లు.

బ్యాగులు హోటల్లో పడేసి ఊరి మధ్యలో ఉన్న సామ్‌సొంగ్‌హ్యొల్‌కి వెళ్లాం. పైన్ చెట్ల మధ్య గడ్డి నేలలో మూడు గుంటలు. అంతే, చూడటానికి ఇంకేం లేదు. కానీ జేజు ప్రజల పుట్టుక అక్కడే అంటారు. గో, యాంగ్, బు అనే ముగ్గురు మగవాళ్లు ఆ గుంటల్లోంచి పైకి వచ్చారు. తోళ్లు కట్టుకుని, వేటాడుకుని బతికారు. ఒకరోజు తూర్పు తీరానికి ఒక పెట్టె కొట్టుకొచ్చింది. తెరిస్తే ముగ్గురు రాజకుమార్తెలు, దూడలు, గుర్రపు పిల్లలు, ఐదు రకాల ధాన్యం గింజలు. పెళ్లిళ్లయ్యాయి, బాణాలు వేసి ఎవరి నేల ఏదో పంచుకున్నారు, వ్యవసాయం మొదలైంది. ఈ మూడు ఇంటిపేర్ల వాళ్లు ఇప్పటికీ ఏటా అక్కడ పూజలు చేస్తారు. మగవాళ్లు ఉత్తి చేతులతో నేలలోంచి వస్తే, పశువులు, విత్తనాలు ఆడవాళ్లు పట్టుకొచ్చారన్నది ఆ బోర్డు మీద ఎవరూ విడిగా రాయలేదు.

రాత్రి దోంగ్‌మున్ మార్కెట్ దగ్గర చిన్న హోటల్లో గోగి గుక్సు తిన్నాం. పంది ఎముకలు ఉడికించిన తెల్లటి పులుసు, అందులో గోధుమ నూడుల్స్, పైన నాలుగైదు మాంసం ముక్కలు. కారం లేదు, మసాలా లేదు. మొదటి స్పూనుకి చప్పగా అనిపించి కిమ్చీ పచ్చడి వైపు చెయ్యి వెళ్లింది. సగం గిన్నెకి వచ్చేసరికి ఆ పులుసు చిక్కదనం నాలుకకి పట్టింది. చెల్లి పంది మాంసం తినదు. బింగ్‌తొక్ తింది. బక్‌వీట్ అనే ధాన్యపు పిండితో పోసిన పల్చటి అట్టులో ఉప్పు, నువ్వుల నూనె కలిపిన ముల్లంగి తురుము పెట్టి చుట్టినది. ఒకప్పుడు ఆ అట్లు పంది కొవ్వుతోనే కాల్చేవారని నాకు తెలుసు. ఇప్పుడు నూనే వాడుతున్నారు కాబట్టి చెల్లితో అనలేదు.

బింగ్‌తొక్ గురించి ఒక కథ ఉంది. 1273 తర్వాత వంద సంవత్సరాల పాటు జేజు మంగోలుల చేతిలో ఉంది. పెద్ద ఎత్తున గుర్రాల పెంపకం వాళ్లు తెచ్చినదే. జేజు వాళ్లకి అరగకుండా కడుపులు పాడవ్వాలని మంగోలులు బక్‌వీట్ ఇచ్చారట. వీళ్లు దాన్ని అరుగుదలకి మంచిదైన ముల్లంగితో కలిపి తినేశారట. చరిత్ర సంగతి ఎలా ఉన్నా, ఏలినవాళ్లని అట్టుతో ఓడించిన కథ వాళ్లకి ఇష్టం.

రెండో రోజు

సొంగుప్ అనే పాత ఊరికి బస్సులో వెళ్లాం. జేజుని మూడు భాగాలుగా పాలించిన రోజుల్లో ఒక భాగానికి ఇది కేంద్రం. గడ్డి కప్పుల ఇళ్లు, గాలికి ఎగిరిపోకుండా కప్పుల మీద వలలాగా బిగించిన తాళ్లు. ఇది మ్యూజియం కాదు, ఇళ్లలో ఇంకా మనుషులు ఉంటున్నారు. ఊరి మధ్యలో వెయ్యేళ్లదని చెప్పే జెల్కోవా చెట్టు.

ఇక్కడ ఇళ్లకి తలుపున్న గేట్లుండవు. గుమ్మానికి రెండు వైపులా మూడేసి రంధ్రాలున్న రాతి స్తంభాలు, వాటిలో అడ్డంగా దూర్చే మూడు కర్రలు. వీటిని జొంగ్‌నాంగ్ అంటారు. ఏ కర్రా లేకపోతే ఇంట్లో మనుషులున్నారు. ఒకటి పెట్టి ఉంటే పక్కకే వెళ్లారు, ఇప్పుడే వస్తారు. రెండుంటే కాస్త ఆలస్యం. మూడూ ఉంటే దూరం వెళ్లారు. జేజులో దొంగలు, బిచ్చగాళ్లు, గేట్లు లేరని సామెత. నిజానికి ఆ కర్రలు దొంగల కోసం పెట్టినవి కావు. ఊరి మీద వదిలిన గుర్రాలు, ఆవులు లోపలికి రాకుండా పెట్టినవి.

అసలు నన్ను ఆపేసింది ఇంటి లోపలి ఏర్పాటు. ఒకే వాకిట్లో ఎదురెదురుగా రెండు ఇళ్లు. లోపలిది ఆన్‌గొరి, బయటిది బాక్‌గొరి. కొడుక్కి పెళ్లయ్యాక ఒక జంట ఒక ఇంట్లో, రెండో జంట రెండో ఇంట్లో. వాకిలి ఒకటే, వంటిళ్లు రెండు. పొయ్యిలు వేరు, బియ్యం వేరు, చాలా చోట్ల పొలాలు కూడా వేరు. అత్తగారికి కాళ్లూ చేతులూ ఆడినంత కాలం తన వంట తనే చేసుకుంటుంది, తన సంపాదన తనదే. కొడుకు సంసారం పెద్దదయ్యాక ఇళ్లు మార్చుకుంటారు. పెద్దల పూజలు చేసే బాధ్యత కూడా అప్పుడు లోపలి ఇంటితో పాటు కొడుక్కి వెళ్తుంది. చిన్న కోడల్ని చూడ్డానికి పోయి గొడవపడి వచ్చే మా పక్కింటి ఆంటీకి ఈ ఇంటి ప్లాన్ ఫొటో తీసి పంపాను. "మరి గ్యాస్ బిల్లు?" అని రిప్లై ఇచ్చింది.

అక్కడే ఒక ఇంటి వెనక తోంగ్సీ చూశాం. పాతకాలపు మరుగుదొడ్డి. రెండు రాళ్ల మీద కూర్చునే చోటు, కింద నల్ల పందులు. ఇంకా వివరం అక్కర్లేదు. పెంట, గడ్డి కలిసి పొలానికి ఎరువయ్యేది. ఈ పద్ధతి 1970ల్లో ప్రభుత్వం ఊళ్లు బాగుచేసే కార్యక్రమంతో పోయింది. ఇప్పుడు జేజు నల్ల పంది అంటే కొరియా అంతటా ఖరీదైన రుచి. ఆ రాత్రి బొగ్గుల మీద కాల్చిన ఆ మాంసం తిన్నాను. దాంతో పాటు మెల్‌జొత్ అని పులియబెట్టిన నెత్తళ్ల రసం చిన్న గిన్నెలో మరిగిస్తూ ఇస్తారు. ముక్క అందులో ముంచుకోవాలి. మా విశాఖ ఎండుచేపల బజారు వాసన వచ్చింది. నాకు నచ్చింది, చెల్లి టేబుల్ మార్చుకుంది.

మాంసం గురించే ఇంకో మాట. జేజులో పెళ్లయినా చావయినా పందిని కోసేవారు. ఊరంతటికీ ఆ మాంసం కోసి పంచే మనిషిని దోగామ్ అంటారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక్కో పళ్లెం: మూడు ముక్కల మాంసం, ఒక ముక్క రక్తం కూరిన పేగు, ఒక ముక్క టోఫూ. ముసలివాళ్లకైనా పిల్లలకైనా అంతే. పల్చగా, సమానంగా కోసి, ఒక్క పందితో ఊరిని సరిపెట్టడం ఆ మనిషి నేర్పు. పెళ్లికొడుకు తండ్రి కూడా అతని మాట మీద మాట అనేవాడు కాదట. మిగిలిన పులుసులో సముద్రపు నాచు వేసి మోమ్‌గుక్ కాచేవారు. దాంతో ముక్క అందనివాళ్లకి కూడా మాంసం రుచి అందేది. పందులు ఎక్కువ ఉన్న చోట ఈ పద్ధతి పుట్టదు.

మూడో రోజు

తూర్పు తీరంలో హాదో, సెహ్వా. హేన్యోల చోటు. హేన్యో అంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రంలో మునిగి నత్తలు, అబలోన్లు అనే పెద్ద గుల్లలు, సముద్రపు ముళ్లకాయలు, నాచు ఏరే ఆడవాళ్లు. ఒక్క ఊపిరితో ఒకటి రెండు నిమిషాలు, పది మీటర్ల లోతు వరకు. 2016లో యునెస్కో వీళ్ల సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి జేజులో అయస్కాంతం బొమ్మల మీద, కాఫీ కప్పుల మీద, బస్సు మీద బుగ్గలు ఎర్రగా ఉన్న ముద్దు హేన్యో బొమ్మ. నాకా బొమ్మ మీద కోపం. హాదోలో హేన్యో మ్యూజియం చూశాక ఇంకా పెరిగింది.

పాత రోజుల్లో అబలోన్లు తీసేది ఎక్కువగా మగవాళ్లు. రాజుకి కప్పంగా ఎండబెట్టిన అబలోన్లు పంపాలి. లెక్క తగ్గితే దెబ్బలు. ఆ బాధ పడలేక మగవాళ్లు పడవలెక్కి పారిపోయారు. జనం తగ్గిపోతున్నారని 1629లో అసలు ఎవరూ దీవి దాటకూడదని ఆజ్ఞ పెట్టారు. రెండు వందల ఏళ్లు అది నడిచింది. వెళ్లినవాళ్ల పని దీవిలో మిగిలిన ఆడవాళ్ల మీద పడింది. కప్పమూ పడింది. తర్వాత జపాన్ పాలనలో సరుకు ధర కొట్టేసే సంఘాలకి ఎదురు తిరిగి 1932లో ఈ సెహ్వా సంతలోనే వందల మంది హేన్యోలు చేతిలో పనిముట్లతో నిలబడ్డారు. సరుకు కోసం వ్లాదివొస్తోక్ దాకా, జపాన్ దాకా పనికి పోయి మునిగినవాళ్లు కూడా వీళ్లలో ఉన్నారు.

1970 నాటికి 14,000 మందికి పైగా ఉండేవారు. ఇప్పుడు 3,000 కూడా లేరు. ఉన్నవాళ్లలో ఎక్కువ మంది 60 దాటినవాళ్లే. మ్యూజియం బయట గట్టు మీద కూర్చుంటే ముందు శబ్దం వినిపించింది, తర్వాత మనుషులు కనిపించారు. పైకి తేలగానే బిగపట్టిన ఊపిరిని ఈలలాగా వదులుతారు. దాన్ని సుంబిసోరి అంటారు. పక్షి అరుపు అనుకున్నాం. నారింజ రంగు తేలుడు బంతి తెవక్, దానికి వేలాడే వల. ఒకప్పుడు తెవక్ ఎండిన సొరకాయ బుర్ర, ఇప్పుడు థర్మాకోల్. 1970ల దాకా నూలు బట్టలతోనే చలికాలం మునిగేవారు. రబ్బరు సూటు వచ్చాక నీళ్లలో ఎక్కువ సేపు ఉండగలుగుతున్నారు. దాంతో ఒళ్లునొప్పులు, చెవిపోటు కూడా ఎక్కువయ్యాయి.

మా గట్టుకి దగ్గరగా నీళ్లు లోతు లేని చోట ఇద్దరు బాగా పెద్దవాళ్లు ఏరుతున్నారు. దాన్ని హల్‌మాంగ్ బాదాంగ్ అంటారు. అవ్వల సముద్రం అన్నమాట. ఒడ్డుకి దగ్గరి లోతు తక్కువ నీళ్లు ముసలి హేన్యోల కోసం వదిలేస్తారు. వయసులో ఉన్నవాళ్లు అక్కడ ఏరకూడదు. కొన్ని ఊళ్లలో సముద్రంలో ఇంకో ముక్క బడికి వదిలారు. ఓన్‌ప్యొంగ్ అనే ఊళ్లో కాలిపోయిన బడిని నాచు అమ్మిన డబ్బుతో హేన్యోలే మళ్లీ కట్టించారు. ఆ బడి పిల్లలకి సముద్రం ఫీజు కట్టిందని చెప్పుకోవాలి.

సాయంత్రం వాళ్లలో ఒకావిడ సరుకు బండి లాక్కుంటూ పైకి వచ్చింది. చెల్లి "సామ్‌చున్" అని పిలిచింది. మిగతా కొరియాలో ఆ మాట బాబాయికో మేనమామకో. జేజులో మాత్రం ఊళ్లో పెద్ద వయసు మనిషి ఆడైనా మగైనా అదే పిలుపు. ఆవిడ మా బూట్ల వైపు చూసి, ఈ రోజుల్లో నత్తలు బోలుగా ఉంటాయని చెప్పింది. "యొంగ్‌దుంగ్ వచ్చింది కదా, తినేసింది." గాలి దేవత తీరం వెంట నడుస్తూ గుల్లల్లోని మాంసం తినేస్తుందట. వెళ్లే ముందు కొత్త విత్తనం చల్లి పోతుందట. అందుకే పూర్వం ఆ పదిహేను రోజులు పడవలు తియ్యరు, మునగరు. ఇప్పుడు అంత నియమం లేదు, సెలవు లేక కొందరు మునుగుతున్నారు. మా ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అదే పని అక్కడ ఆకలిగల అవ్వ చేస్తోంది.

"మీకు భయం వెయ్యదా?" అని అడిగించాను. ఆవిడ నవ్వి ఒక సామెత చెప్పింది. దానికి అర్థం: పరలోకంలో సంపాదించి ఈ లోకంలో ఖర్చు పెడతాం. అబలోన్ గంజి తాగి పడుకున్నాం. పసుపు పచ్చ రంగు దాని పేగుల నుంచి వస్తుంది. అది తీసేసి వండితే తెల్లగా ఉంటుంది, కానీ రుచి ఉండదు.

నాలుగో రోజు

పొద్దున్నే వాన. కారు అద్దెకి తీసుకుని లోపలి ఊళ్లకి వెళ్లాం. దారికి రెండు వైపులా ఒరుమ్‌లు, చిన్న చిన్న అగ్నిపర్వత గుట్టలు. దీవి మొత్తం మీద 360 దాకా ఉన్నాయి. ఇవి ఎలా వచ్చాయో సొల్‌ముందే హల్‌మాంగ్ కథలో ఉంది. హల్లా కొండంత ఎత్తు అవ్వ. పావడాలో మట్టి మోసుకొచ్చి దీవి మధ్యలో ఉన్న ఆ కొండని, హల్లాసాన్‌ని, కట్టింది. పావడాకి చిరుగులున్నాయి. వాటిలోంచి రాలిన మట్టే ఈ గుట్టలు. ఒకసారి జేజు జనంతో ఒప్పందం చేసుకుంది: నాకు లోపావడా కుట్టివ్వండి, పెద్ద భూమి దాకా వంతెన కట్టిస్తాను. వంద మోపుల పట్టు కావాలి. దీవంతా వెతికినా తొంభై తొమ్మిదే దొరికాయి. వంతెన ఆగిపోయింది. ఇలాంటి పేదరికం కథ నేనెక్కడా వినలేదు. దేవత బట్టకి కూడా ఒక మోపు తక్కువైన ఊరు.

ఆమె చివరి గురించి రెండు కథలు. కరువు వచ్చిన ఏడాది ఐదు వందల మంది కొడుకుల కోసం గంజి కాస్తూ కుండలో పడిపోయింది. కొడుకులు వచ్చి ఆకలితో తాగేశారు, చిన్నవాడికి ఎముకలు కనిపించాయి. ఆ కొడుకులే యొంగ్‌శిల్ దగ్గర కొండ కొమ్ముల్లా నిలబడ్డ రాళ్లంటారు. రెండో కథలో నీళ్ల లోతు కొలవడం ఆమెకి సరదా. ఎక్కడా మోకాళ్లు దాటలేదు. ముల్‌జాంగ్‌ఒరి అనే కొండ చెరువుకి అడుగు లేదు, అందులో దిగి తిరిగి రాలేదు.

సోంగ్‌దాంగ్ ఊరి గుడికి వెళ్లాం. గుడి అంటే మన ఊహలో వచ్చే గోపురం కాదు. చెట్ల మధ్య రాతి గోడ, చిన్న పెంకుటిల్లు, ముందు నేల. జేజు ఊరి దేవతలందరికీ తల్లిగా చెప్పే బేక్‌జు దేవి చోటు. ఆమె భర్త సోచొన్‌గుక్ వేటగాడు. పిల్లలు చాలామంది పుట్టాక ఇక వేట చాలదు, పొలం దున్నమని పంపింది. ఆకలేసి తన ఎద్దునే తినేశాడు. సరిపోక పక్కింటివాళ్ల ఎద్దు కూడా. నీ ఎద్దు తిన్నావు సరే, పక్కవాళ్లది తింటే దొంగతనం అని బేక్‌జు విడిపోయింది. అతను కింద ఊరికి పోయాడు. ఆ పిల్లలే దీవి అంతటా ఊరూరా దేవతలయ్యారు. విడాకులు తీసుకున్న తల్లి నుంచి ఊళ్లన్నీ పుట్టిన పురాణం.

తర్వాత వాహుల్ అనే ఊళ్లో గుడి. చెట్టే గుడి. కొమ్మలకి ఎర్ర, పచ్చ, పసుపు గుడ్డ పీలికలు, మడిచిన తెల్ల కాగితాలు. మన పోలేరమ్మ చెట్టు గుర్తొచ్చింది, నేనేం చెప్పకముందే చెల్లి కూడా అదే అంది. ఆ కాగితాల మీద ఏమీ రాసి లేదు. గుండెకి ఆనించి పట్టుకుని కోరిక అనుకుంటే కాగితం దాన్ని తీసుకుంటుందట. ఇక్కడ కూడా దేవుడి భార్య విడిగా పక్కకి కూర్చుని ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు పంది మాంసం మీద మనసు పుట్టిందని భర్త దూరం పెట్టాడని కథ. పంది తినే దేవతలకి వేరే పీట, తినని దేవుళ్లకి వేరే పీట. ఇద్దరికీ నైవేద్యం అందిస్తారు.

బక్‌వీట్ గింజల కథ కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. పొలాల దేవత జాచొంగ్‌బి ఆకాశం నుంచి ఐదు రకాల గింజలు తెచ్చుకుంటే ఒకటి మరిచిపోయింది. వెనక్కి వెళ్లి తెచ్చింది బక్‌వీట్. అందుకే అది ఆలస్యంగా విత్తినా కాస్తుందట.

ఐదో రోజు

మారాదో వెళ్లాలనుకున్నాం. కొరియాకి దక్షిణాన చివరి దీవి. గాలికి పడవలు రద్దయ్యాయి. మోసుల్‌పో రేవులో కాఫీ తాగుతూ దూరం నుంచి చూశాం. బల్లపరుపుగా, చెట్లు లేకుండా, దాదాపు అర కిలోమీటరు వెడల్పు ఉన్న నేల. అక్కడి గుడి ఒక పనిపిల్లది. హేన్యోలు అక్కడికి ఏరడానికి వెళ్లారు, తిరిగి రావాలంటే గాలి వదలడం లేదు. ఒకావిడకి కల వచ్చింది: పిల్లాణ్ణెత్తుకునే అమ్మాయిని ఇక్కడ వదిలితేనే మీరు వెళ్తారు. రాతి మీద ఆరేసిన పసిగుడ్డ తెమ్మని ఆ పిల్లని పంపి పడవ తీసేశారు. మూడేళ్ల తర్వాత వెళ్తే ఎముకలున్నాయి. గుడి కట్టి మొక్కుతున్నారు. ఈ కథని తీయగా చెప్పడానికి జేజు వాళ్లు ప్రయత్నించలేదు, అది వాళ్ల నిజాయితీ.

తిరిగి వస్తూ ఉత్తర తీరంలో బుక్‌చోన్‌లో ఆగాం. 1948లో ఏప్రిల్ 3న మొదలైన తిరుగుబాటుని అణచే పేరుతో జేజులో కొన్నేళ్లు జరిగిన హత్యల్లో 25,000 నుంచి 30,000 మంది చనిపోయారని అంచనా. దీవి జనాభాలో పదో వంతు. 1949 జనవరి 17న ఈ ఒక్క ఊళ్లో సైనికులు 300 మందికి పైగా చంపారు. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో తద్దినాలు ఒకే రోజు వస్తాయి. నొబున్‌సుంగి అనే చోట పసిపిల్లల చిన్న చిన్న రాతి సమాధులున్నాయి. ఎవరో బొమ్మలు పెట్టి వెళ్లారు. దశాబ్దాల పాటు ఈ విషయం నోరెత్తితే జైలు. 2003లో గానీ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పలేదు. ఆ మౌనం రోజుల్లో చనిపోయినవాళ్ల గొంతు వినిపించిన చోటు ఒక్కటే, సిమ్‌బాంగ్‌లు అనే జేజు పూజారులు ఇళ్లలో చేసే పూజ. చచ్చినవాళ్లు పూనకంలో వచ్చి ఎవరు చంపారో, ఎక్కడ పడ్డారో చెప్పుకునేవారు. దేవతలు ఆ దీవిలో ఎందుకంత దగ్గరివాళ్లో అప్పటికి కాస్త అర్థమైంది.

ఆరో రోజు

సారాబోంగ్ కొండ మీద చిల్‌మొరిదాంగ్. రెండో నెల పద్నాలుగో రోజు. 2009లో యునెస్కో జాబితాలో చేరిన పూజ ఇదే. పొద్దున్నే చేరితే కొండ మీద టెంటు, రంగు కాగితాలతో దేవతల పీటలు, గంటలు, డోలు. గాలికి అన్నిటికీ రాళ్లు బరువు పెట్టారు. హేన్యోలు వాళ్ల వాళ్ల బుట్టలు తెచ్చి వరసగా పెట్టారు: తెల్లటి బియ్యప్పిండి కేకులు, ఎండు చేప, నారింజలు, ఉడికించిన గుడ్లు, బియ్యం మీద చుట్టిన దారం.

సిమ్‌బాంగ్ ముందు దేవతలందర్నీ పేరుపేరునా పిలుస్తాడు. ఆ పిలుపే గంటల తరబడి సాగింది. పూజ ఎక్కడ జరుగుతోందో, ఏ సంవత్సరమో, ఏ ఊరో, ఎవరు చేయిస్తున్నారో దేవతలకి వివరంగా చెప్పాలి. మా సంకల్పంలో జంబూద్వీపే భరతవర్షే అన్నట్టే. అప్పుడు ఇత్తడి కత్తులు నేల మీద విసిరి అవి పడిన తీరు చూసి దేవత ఒప్పుకుందా లేదా అని అడుగుతాడు. ఒప్పుకోకపోతే మళ్లీ. రెండోసారి కూడా సరిగా పడకపోతే హేన్యోల ముఖాలు మారాయి. మూడోసారి సరిగా పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన ఒకావిడ కళ్లు తుడుచుకుంది. టూరిస్టులం మేం ఎంతమందిమి ఉన్నా వాళ్లకది ప్రదర్శన కాదు.

మధ్యలో భోజనం. అందరికీ అందరూ పెట్టారు. మాకు కూడా, ఎవరని అడక్కుండా. చెల్లికి పంది వద్దంటే ఒకావిడ ఇంకో ప్లేటు నిండా నారింజలు, కేకులు పెట్టింది.

మధ్యాహ్నం నాకు బాగా నచ్చిన భాగం. సిమ్‌బాంగ్, హేన్యోలు చిరుధాన్యం గింజలున్న బుట్టలు పట్టుకుని పరిగెత్తుతూ చల్లారు. ఆ గింజలు సముద్రంలో నత్తలు, అబలోన్లు అవుతాయి. తర్వాత చాప మీద గింజలు చల్లి, ఎక్కడ దట్టంగా పడ్డాయో చూసి ఈ ఏడాది సముద్రంలో ఏ వైపు పంట బాగుంటుందో చెప్పాడు. "మా వైపు తక్కువ" అని ఒక గుంపు గొడవ, ఇంకో గుంపు నవ్వు. తర్వాత కాగితపు మాస్కులతో యొంగ్‌గామ్‌లు వచ్చారు. ఏడుగురు అన్నదమ్ముల భూతాలు. పంది మాంసం, సారా అంటే ప్రాణం. వాళ్లు వేసే జోకులకి చెల్లి అనువాదం ఆపేసింది, "అక్కా, ఇది నాకు రాదు" అని.

చివరికి గడ్డితో చేసిన చిన్న పడవలో ప్రతి నైవేద్యంలోంచి కొంచెం కొంచెం సర్ది, సముద్రం మధ్యకి తీసుకెళ్లి వదిలారు. యొంగ్‌దుంగ్ అందులో ఊదో దీవి మీదుగా వెళ్తుందట. కొరియా తీర ప్రాంతాల్లో ఒక మాట ఉంది. అవ్వ వచ్చిన రోజుల్లో ఎండ కాస్తే కూతుర్ని వెంట తెచ్చిందని, వానొస్తే కోడల్ని తెచ్చిందని. ఈసారి రెండూ అయ్యాయి, ఇద్దరినీ తెచ్చినట్టుంది.

చివరి రోజు

మార్కెట్లో ఒమేగి తొక్ కొన్నాం. చిరుధాన్యపు పిండి ఉండలు, పైన ఎర్ర బీన్స్ పొడి. అంత తీపి లేదు, అందుకే మన నోటికి పడతాయి. హల్లాబోంగ్ అని తల మీద బుడిపె ఉన్న నారింజ. వెళ్లాలనుకునేవాళ్లకి మూడు మాటలు: గాలి బట్టలు తీసుకెళ్లండి. హల్లాసాన్ శిఖరం దాకా వెళ్లే సొంగ్‌పానక్, గ్వానుమ్‌సా దారులకి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. శాకాహారులు కిమ్చీలో చేపరసం ఉంటుందని గుర్తుంచుకోవాలి.

టాక్సీ డ్రైవరు అరవై దాటినవాడు. పూజ చూశామంటే ఉత్సాహంగా మాట్లాడాడు. జేజులో 18,000 మంది దేవతలున్నారట. ఇంటి గడపకి, వంటింటికి, దొడ్డికి, అన్నిటికీ. చలికాలం చివర జనవరి ఆఖరున ఒక వారం పాటు అందరూ పైకి వెళ్లి లెక్కలు అప్పజెబుతారు, కొత్తవాళ్లు బదిలీ మీద వస్తారు. ఆ వారాన్ని సిన్‌గుగాన్ అంటారు. ఇల్లు మారాలన్నా, పొయ్యి మార్చాలన్నా, మరుగుదొడ్డి బాగుచెయ్యాలన్నా ఆ వారంలోనే, చూసేవాళ్లు లేనప్పుడు. మనం దేవుడి చూపు పడే ముహూర్తం కోసం ఆషాఢం దాటేదాకా ఆగుతాం, వీళ్లు దేవుళ్లు ఊళ్లో లేని వారం కోసం ఆగుతారు.

"మీరూ అలాగే మారారా?" అని చెల్లి అడిగింది.

"మా అమ్మ ఒప్పుకోదుగా. కొడుకు మాత్రం అక్టోబరులో మారాడు, సోల్ కోడలు." కాసేపాగి, "ఆ వారంలో సామాన్ల లారీ దొరకదు, దొరికినా రెట్టింపు అడుగుతారు. అక్టోబరులో సగానికి వచ్చింది" అని, ఎయిర్‌పోర్టు రెండో గేటు దగ్గర మా బ్యాగులు దించి, కోడలు తెలివైందన్నాడు.